ఇంటింటి ముచ్చట: బ్రేకుల బేరం

పోయిన వారం పాత పట్టుచీరలు దాచుకొనే పద్ధతి రాసి, ఈ వారం చలికాలపు కాయగూరల సంగతి రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు పాఠక మహాశయులు మన్నించాలి. మధ్యలో మా చెల్లెలి దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"అన్నా, నువ్వొకసారి రావాలె. పిల్లగాడు నా మాట వింటలేడు. నువ్వు చెప్తె వింటడు," అన్నది.

పిల్లగాడంటే మా మేనల్లుడు. ఇరవై నాలుగేళ్ళవాడు. మీసం వచ్చి, ఉద్యోగం వచ్చి, నెలకింత అని తల్లి చేతిలో పెడుతున్నా, తల్లికి పిల్లగాడే గదా! సంచీలో రెండు జతల బట్టలు సర్దుకొని బస్సెక్కాను.

మా చెల్లెలిది రాయికోడ్. సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా మెదకు జిల్లాలో ఉండేది. జహీరాబాదులో దిగి, బస్సు మారి పోవాలి. దారి పొడుగునా చెరకు తోటలు, కంది చేలు, జొన్న చేలు. చలికాలమంతా చెరకు బళ్ళు, ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి చీమల బారులాగ పోతూ ఉంటాయి. చెల్లెలు అక్కడి బడిలో పంతులమ్మ. బావగారికి కొద్దిగా పొలం. మేనకోడలు ఇంజనీరింగు చదువుతున్నది. మేనల్లుడు జహీరాబాదులో ఒక కార్ఖానాలో పని చేస్తూ, రోజూ మోటారు సైకిలు మీద పోయి వస్తుంటాడు.

ఆ మోటారు సైకిలే ఈ పంచాయితీకి మూలం. ముందుకు వంగి నడిపే బండి అది. పందెపు బండిలాగ ఉంటుంది. 2019లో తయారైంది. నిరుడు సెకండు హ్యాండులో కొన్నాడు. ఇప్పుడు దాని ముందు చక్రానికి ఉన్న బ్రేకు కాలిపరు తీసేసి, ఇటలీ దేశపు కాలిపరు వేయిస్తానంటున్నాడు. దానికి బిగింపు పట్టీ, లివరు దగ్గర ఉండే మాస్టర్ సిలిండరు, గొట్టాలు, కూలి, అన్నీ కలిపి 42,000 రూపాయలు అవుతుందని హైదరాబాదులో ఒక దుకాణంవారు చెప్పారట.

"ఆడపిల్ల కాలేజి ఫీజు కోసమని చిట్టీ కడుతున్న. వీడేమో ఆ చిట్టీ ఎత్తి బ్రేకులకు పెడ్తానంటడు. చక్రం ఆగనీకి నలభై రెండు వేలా అన్నా? గా బండి కంపెనీవాడు బ్రేకులు లేకుండనే అమ్మిండా?" అన్నది చెల్లెలు, నేను కాళ్ళు కడుక్కోక ముందే.

ప్రశ్న బాగానే ఉందనిపించింది. మేనల్లుణ్ణి అడిగాను. "బ్రేకులు మంచిగ పడ్తలేవు మామా," అని ఒక్కటే మాట. ఫోనులో ఆ కాలిపరు బొమ్మ చూపించాడు. ఎర్రటి రంగు, దాని మీద తెల్లటి అక్షరాలు. చక్రం దగ్గర మందార పువ్వు పెట్టినట్లుంది. నాకు వెంటనే ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. ఈడువాడు గదా, నలుగురి కళ్ళూ పడాలని కోరిక. మా రోజుల్లో సైకిలుకు రంగురంగుల కుచ్చులు కట్టుకొన్నట్లే ఇదీనని లోలోపల నవ్వుకొన్నాను. ఆ నవ్వుకు రాత్రే సిగ్గుపడవలసి వచ్చింది.

భోజనాలయ్యాక డాబా మీద ఇద్దరమే కూర్చున్నాము. కాసేపు ఊరుకొని, వాడే మొదలు పెట్టాడు.

"అమ్మకు చెప్పకు మామా. పది దినాల కింద చీకటి పడ్డంక డ్యూటీ నుంచి వస్తున్న. ముందర చెరకు ట్రాలీ ఉన్నది. ఎనక లైటు లేదు. ఎదురుంగ లారీ లైటు కండ్లల్ల కొట్టింది. ట్రాలీ దగ్గరికొచ్చేదాంక కనపడలె. బ్రేకు పట్టిన. లివరు మొత్తం లోపటికి పోయింది గని బండి ఆగలె. ఎట్లనో పక్కకు తిప్పిన. చెరకు గడ నా భుజానికి రాసుకొని పోయింది."

చొక్కా తీసి చూపించాడు. భుజం మీద జానెడు గీత, ఎండి నల్లబడి ఉంది. తల్లికి కనపడకుండా పది రోజులుగా పొడుగు చేతుల చొక్కాలు తొడుగుతున్నాడట.

"ఎంత వేగంలో ఉన్నావురా?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "ఎనభై ఐదు ఉంటది మామా."

ఇక నవ్వెక్కడిది? పిల్లవాడు అలంకారం కోసం అడగడం లేదు. భయపడి అడుగుతున్నాడు. భయపడ్డ సంగతి ఇంట్లో చెప్పలేక దానికి కాలిపరని పేరు పెట్టాడు. మన ఇళ్ళలో ఇలాంటివి ఎన్ని జరగడం లేదు? పిల్లలు ఒకటి అడుగుతారు, మనం దాని ఖరీదు చూసి కోప్పడతాము. ఎందుకడిగావని అడిగే ఓపిక మనకుండదు.

"అమ్మకు నేను చెప్పను, నువ్వే చెప్పాలి," అన్నాను. "దానికి ముందు, బ్రేకు సంగతి తెలిసినవాడికి బండి చూపిద్దాం."

మర్నాడు ఆదివారం. జహీరాబాదులో బావగారికి తెలిసిన ఒక పాత మెకానిక్కు ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. గడ్డం నెరిసిపోయింది గాని, చేతులు మాత్రం పాతికేళ్ళవాడివి. మేనల్లుడు కాలిపరు మార్చాలని చెప్పగానే ఆయన బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, "ముందుగాల ఉన్నదాన్ని చూద్దాం బేటా. బుఖారొస్తె తలకాయ మారుస్తరా?" అన్నాడు.

కాలిపరంటే ఏమిటో తెలియని పాఠకురాండ్ర కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను.

పాత బళ్ళకు చక్రం మధ్యలో ఒక గిన్నె, ఆ గిన్నె లోపల రెండు చెక్కలు ఉండేవి. బ్రేకు తొక్కితే చెక్కలు విచ్చుకొని గిన్నెకు లోపలి నుంచి ఒరుసుకొనేవి. దాన్ని డ్రమ్ము బ్రేకు అంటారు. కొత్త బళ్ళకు చక్రంతోబాటు తిరిగే ఇనుప పళ్ళెం ఉంటుంది. అదే డిస్కు. ఆ పళ్ళేన్ని రెండు వైపుల నుంచీ పట్టుకొనే పట్టకారు వంటిది కాలిపరు. పట్టకారు నోట్లో డిస్కుకు ఆనే బిళ్ళలను ప్యాడ్లు అంటారు. పొయ్యి మీది గిన్నెను పట్టకారుతో పట్టుకోవడం రోజూ చేసే పనే గనుక, ఈ సంగతి మగవారికన్నా మీకే త్వరగా బోధపడుతుంది.

మరి, చేతి వేళ్ళతో లివరు నొక్కితే అంత బండి ఎలా ఆగుతుంది? మందుల దుకాణంలో దొరికే సిరంజీలు రెండు తీసుకోండి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింటినీ నీళ్ళతో నింపి సన్న గొట్టంతో కలపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది కొద్దిగానే కదులుతుంది, కాని చాలా బలంగా కదులుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని ఫ్రెంచి దేశపు పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. లివరు దగ్గరిది చిన్న సిరంజి, చక్రం దగ్గరిది పెద్ద సిరంజి. మధ్యలో నీళ్ళకు బదులు బ్రేకు ఆయిలు. అంతే సంగతి.

ఇందులోనే ఒక మెలిక ఉంది. పెద్ద సిరంజిని ఇంకా పెద్దది చేస్తే బలం పెరుగుతుంది గదా అంటారు. పెరుగుతుంది, కాని దానిని కదిలించడానికి చిన్న సిరంజిని ఇంకా లోపలికి నొక్కాలి. మాస్టర్ సిలిండరులో పిస్టను 12 మిల్లీమీటర్లు, కాలిపరులో 30 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండు ఉన్నాయనుకోండి. వాటి వైశాల్యాల నిష్పత్తి పన్నెండున్నరకు ఒకటి. కాలిపరులో ఆ వైపు పిస్టన్లు 34 మిల్లీమీటర్లవి పెడితే అది పదహారుకు ఒకటి అవుతుంది. అంటే లివరు ఇంచుమించు నాలుగో వంతుకు పైగా ఎక్కువ దూరం లోపలికి పోతుంది. అప్పుడు మాస్టర్ సిలిండరు కూడా మార్చాలి. అది మారిస్తే గొట్టాలు మార్చాలి. ఒక దర్వాజా మార్పించబోయి ఇల్లంతా విప్పుకొన్నవారు మనకు తెలియనివారు కారు గదా. 42,000 అలా అయిందన్నమాట.

ఉస్తాద్ కాలిపరు విప్పాడు. విప్పిన కొద్దీ మా మేనల్లుడి మొహం చిన్నబోతూ వచ్చింది.

మొదట ప్యాడ్లు. అరిగి అరిగి వెనుక ఇనుప రేకు దాకా వచ్చాయి. మిగిలిన కాస్త భాగం అద్దంలాగ నున్నబడి మెరుస్తున్నది. రెండవది, కాలిపరు జరగడానికి ఉండే పిన్నులు. గ్రీజు ఎండిపోయి, దుమ్ము పట్టి, పట్టకారు ఒక వైపే పడుతున్నది. మూడవది బ్రేకు ఆయిలు. కొత్తది తేనె రంగులో లేతగా ఉంటుంది. ఇది కాఫీ డికాషనులాగ ఉంది.

"నాలుగేండ్ల నుంచి మార్చినట్లు లేదు. రెండేండ్లకోసారి మార్చాలె," అన్నాడు ఉస్తాద్.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. మూత తీసి ఉంచిన ఉప్పు డబ్బాను తలుచుకోండి. డాట్ 4 అని సీసా మీద రాసి ఉండే ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెంటిగ్రేడుకు తక్కువగా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. బ్రేకు పట్టిన కొద్దీ డిస్కు వేడెక్కుతుంది, ఆ వేడి ఆయిలుకు తగులుతుంది. తేమ ఉన్న ఆయిలు మరిగి ఆవిరి బుడగలు వస్తే, ద్రవాన్ని నొక్కినట్లు ఆవిరిని నొక్కలేము. అది అణిగిపోతుంది. లివరు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ఎప్పుడో గొట్టంలో చిక్కిన గాలి బుడగకైనా ఇదే గుణం. మేనల్లుడు ఆ రాత్రి చెప్పింది అదే గదా.

కాబట్టి పిల్లవాడి ఫిర్యాదు నిజమే. బ్రేకులు పడడం లేదన్న మాట అక్షరాలా సత్యం. జబ్బు సరిగానే చెప్పాడు, మందు మాత్రం తప్పు చెప్పాడు.

నాలుగవది ముందు టైరు. ఉస్తాద్ టైరు పక్కన గుడ్డతో తుడిచి నాలుగు అంకెలు చూపించాడు. ఈ అంకెల సంగతి బండి ఉన్న ప్రతి ఇంటివారూ తెలుసుకోవాలి. మొదటి రెండు అంకెలు ఆ టైరు తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. '2318' అని ఉంటే 2018వ సంవత్సరంలో 23వ వారమన్నమాట. వీడి బండికి, బండి పుట్టినప్పటి టైరే ఇంకా ఉంది. గాట్లు కనిపిస్తూనే ఉన్నాయి గాని, రబ్బరు గట్టిపడి గోరు దిగడం లేదు.

"బేటా, కాలిపరు చక్రాన్ని ఆపుతది. బండిని ఆపేది టైరు," అన్నాడు ఉస్తాద్.

పాఠకులారా, ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుంచుకోవలసిన మాట ఇదొక్కటే. రోడ్డుకూ టైరుకూ మధ్య అరచేయంత చోటు ఉంది. ఆ చోట ఎంత పట్టు ఉంటే అంత వరకే బండి ఆగుతుంది. ఆ పట్టు మించి బ్రేకు వేస్తే చక్రం నిలిచిపోయి, టైరు జారిపోతుంది. అలా నిలిచిపోకుండా కాసేపు పట్టి, కాసేపు వదలి, క్షణానికి ఎన్నోసార్లు సవరించే ఏర్పాటే ఏ.బి.ఎస్. మన దేశంలో 125 సీసీకి పైబడిన ద్విచక్ర వాహనాలకు, కొత్త నమూనాలకైతే 2018 ఏప్రిల్ 1 నుంచీ, అన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుంచీ అది తప్పనిసరి చేశారు. మా వాడి బండికీ ఉంది. పొడి రోడ్డు మీద లివరు గట్టిగా పట్టినప్పుడు ఆ ఏర్పాటు పని చేసిందంటే, కాలిపరులో బలం చాలినంత ఉండి ఇంకా మిగిలిందన్నమాటే. అంతకన్నా బలమైన కాలిపరు పెడితే అది మరికాస్త తేలికగా ఆ హద్దుకు చేరుతుందేగాని, హద్దును దాటించలేదు.

అలాగని కాలిపరు మార్చడం ఎప్పుడూ దండగేనని నేననను. మన దేశంలోనే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. 1983లో రాజదూత్ 350 వచ్చింది. జపాను యమహావారి ఆర్.డి. 350 అనే బండిని ఎస్కార్ట్స్‌వారు ఇక్కడ తయారు చేశారు. జపాను బండికి ముందు డిస్కు బ్రేకు ఉండేది. మన బండికి డ్రమ్ము పెట్టారు. ఇంజనేమో పులి, బ్రేకేమో పిల్లి. ఆ బండిని ఇప్పటికీ ప్రాణంగా చూసుకొనేవారున్నారు. వారిలో కొందరు ముందు చక్రానికి డిస్కు వేయించుకొన్నారు. వారిని తప్పు పట్టలేము. వేగానికి తగిన బ్రేకు పుట్టుకతోనే లేదు మరి.

డిస్కు బ్రేకు మాత్రం నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు తీసుకొన్నాడు. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో జాగ్వార్ కార్లు ఆ బ్రేకులతోనే గెలిచాయి. 1969లో హోండావారి 750 సీసీ బండి ముందు చక్రానికి డిస్కుతో బయలుదేరాక, మోటారు సైకిళ్ళకు అది మామూలు అయింది. మన దేశంలో 1999లో వచ్చిన హీరో హోండా సి.బి.జడ్‌తో కుర్రకారుకు దాని రుచి తెలిసింది.

ఇంకో వేడుక చెప్తాను. మా మేనల్లుడు ముచ్చటపడిన ఇటలీ కంపెనీ బ్రెంబో. 1961లో బెర్గామో పట్టణం దగ్గర పుట్టింది. మన దేశపు చిన్న, మధ్యతరగతి బళ్ళ కోసం 'బైబ్రే' అన్న పేరుతో ఆ సంస్థవారే పూణేలో కాలిపర్లు తయారు చేస్తున్నారు. 'బై బ్రెంబో' అన్న మాటకు అది పొట్టి పేరు. మన జహీరాబాదు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారికి ఒక కొస మచిలీపట్నం, మరో కొస పూణే. వీడి బండి కాలిపరు మీద దుమ్ము తుడిస్తే, కింద ఆ పేరే ఉంది! ఉస్తాద్ పడి పడి నవ్వాడు. మేనల్లుడు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు.

ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, పిన్నులకు గ్రీజు, ముందుకు కొత్త టైరు, కూలి, అన్నీ కలిసి 6,800 రూపాయలయింది. పాత ఆయిలంతా తీసి, గాలి బుడగలు లేకుండా కొత్తది ఎక్కించడానికి ఉస్తాద్ ముప్పావు గంట పట్టించుకొన్నాడు. ఆయిలు చుక్క పెట్రోలు ట్యాంకు మీద పడితే రంగు ఊడిపోతుందని ముందే గుడ్డ కప్పాడు. "కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలె. మొదటి దినం మెల్లగ పో," అని చెప్పాడు.

సాయంత్రం ఊరి బయట, ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద వాడు 40 వేగంలో వచ్చి బ్రేకు పట్టి చూశాడు. నాలుగైదుసార్లయ్యాక లివరు చేతి కింద టకటకమని కొట్టుకొన్నదట. ఏ.బి.ఎస్. పని చేసింది. "మామా, ఇది నా బండేనా?" అన్నాడు.

ఇంటికి పోయాక తల్లికి చెప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను గాని నోరు మెదపలేదు. ట్రాలీ సంగతీ, భుజం సంగతీ అన్నీ చెప్పాడు. చెల్లెలు ఆ గీత మీద చెయ్యి వేసి చూసి, లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో చిట్టీ పుస్తకం ఉంది.

"ఎత్తుకో బిడ్డా. ఇటలీదో ఇంకోటో, మంచిది ఏసుకో. నీకన్న ఎక్కువనా? చెల్లె ఫీజు మీ నాయిన ఎట్లనన్న కడ్తడు. తక్కువైతె నా గాజులున్నయి," అన్నది.

చూశారా తమాషా! నిన్న పైసా ఇవ్వనన్న తల్లి ఇవాళ గాజులు తీస్తానంటున్నది. నిన్న వద్దనడానికి ఖరీదు కారణం, ఇవాళ కావాలనడానికి భయం కారణం. ఈ రెండింటిలో దేనికీ బండి అవసరంతో సంబంధం లేదు. వేడుక కోసం కొన్న వస్తువుకు ఎంత దండగ ఉందో, భయం కోసం కొన్నదానికీ అంతే దండగ ఉంది. పైగా భయంతో కొన్నది మరింత ప్రమాదం. మంచి బ్రేకు కొన్నామన్న ధైర్యంతో ఎనభై ఐదు కాస్తా తొంభై ఐదు అవుతుంది.

చెల్లెలి భయం ఊరికే పుట్టింది కాదు. రాయికోడ్ మండలం ఆందోలు నియోజకవర్గంలోది. ఆందోలుకు శాసనసభ్యుడిగా ఉన్న హాస్యనటుడు బాబూమోహన్ 2003లో పెద్ద కొడుకును మోటారు సైకిలు ప్రమాదంలో పోగొట్టుకొన్నారు. తెర మీద ఆయనతో జంటగా రాష్ట్రాన్నంతా నవ్వించిన కోట శ్రీనివాసరావు గారి కుమారుడు 2010లో హైదరాబాదులో అదే విధంగా పోయాడు. లక్షలమందిని నవ్వించిన ఇద్దరు తండ్రులకూ ఒకే దుఃఖం రాసి ఉంది. 2021లో వినాయక చవితి నాడు నటుడు సాయిధరమ్ తేజ్ హైదరాబాదు తీగల వంతెన దగ్గర రోడ్డు మీది ఇసుక మీద జారి పడ్డాడు. ఆయనది మంచి బ్రేకులున్న పెద్ద విదేశీ బండి. ఇసుక మీద ఏ దేశపు బ్రేకు ఏం చేస్తుంది? నెత్తిన హెల్మెటు ఉండబట్టి కోలుకొని, మళ్ళీ సినిమాల్లో నటిస్తున్నాడు.

ఇసుక హైదరాబాదులోనే కాదు, మన పల్లెల్లోనూ ఉంది. ట్రాక్టరు చక్రాలు పొలంలోని నల్లరేగడి బురద తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తాయి. చెరకు ఆకు తడిసి పడి ఉంటుంది. కందులో, మక్కలో రోడ్డు మీదే ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గింజలు ఎత్తుకుపోతారు గాని రాళ్ళు అక్కడే మిగులుతాయి. వీటన్నింటి మీదా టైరుకు పట్టు తక్కువ. అక్కడ పనికివచ్చేది ఒకటే, నిదానం.

నేను పలక తీసుకొని చెల్లెలికి లెక్క వేసి చూపించాను. పంతులమ్మ గదా, లెక్కైతే ఒప్పుకొంటుంది. ప్రమాదం కనిపించి చెయ్యి బ్రేకు మీద పడడానికి ఒక సెకను పడుతుందనుకోండి. పొడి రోడ్డు, మంచి టైరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే బండి 17 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 20 మీటర్లు. మొత్తం 37 మీటర్లు. అదే 80 వేగమైతే 22, ఆ మీద 35, మొత్తం 57 మీటర్లు. 100 అయితే 83 మీటర్లు. 80 నుంచి 60కి దిగితే 20 మీటర్లు మిగిలాయి. ఇరవై మీటర్లంటే ట్రాక్టరు, దాని ట్రాలీ కలిపినా అంతకన్నా పొట్టివే. ప్రపంచంలో ఏ కాలిపరు కూడా ఇరవై మీటర్లు మిగిల్చి ఇవ్వలేదు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

బావగారు అంతసేపూ మూల కూర్చుని విన్నారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. "ట్రాలీకి ఎనక లైటు లేకపోవుడు మా తప్పు గూడ," అన్నారు. మర్నాడే తమ ట్రాలీకీ, పక్కింటివారి ట్రాలీకీ వెనుక మెరిసే ఎర్ర బిళ్ళలు అంటించారు. నాకు తట్టని ఆలోచన అది.

చివరకు కుదిరిన ఒప్పందం ఇది. చిట్టీ పిల్ల ఫీజుకే. చీకటి పడ్డాక బండి 50 దాటదు. ఇంటి గుమ్మం దాకానైనా సరే హెల్మెటు లేకుండా పోడు. నెలకొకసారి ప్యాడ్లు, లివరు, టైరులో గాలి చూసుకోవాలి. బ్రేకు ఆయిలు మార్చిన తేదీ క్యాలెండరు మీద రాయాలి. ఆరు నెలల తరువాత కూడా బ్రేకు చాలడం లేదని వాడికి అనిపిస్తే, అప్పుడు తన జీతంలో దాచుకొన్న డబ్బుతో కాలిపరు కొనుక్కోవచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు.

ఇదే చిక్కులో ఉన్న తక్కిన ఇళ్ళవారికి కూడా నా సలహా ఇంతే. పందెపు బాట మీద గంటల తరబడి నడిపేవారికీ, ఘాటు రోడ్ల మీద తరచుగా వేగంగా దిగేవారికీ మంచి కాలిపరు నిజంగా లాభమే. వేడి తట్టుకొంటుంది, వేళ్ళకు శ్రమ తక్కువ, బ్రేకు ఎంత పడుతున్నదో చేతికి బాగా తెలుస్తుంది. రోజూ ఉద్యోగానికి పోయి వచ్చేవారు మాత్రం ముందు టైరు, తరువాత ప్యాడ్లు, ఆ తరువాత ఆయిలు చూడండి. ఈ మూడూ కొత్తవయ్యాక కూడా లోటు ఉంటేనే కాలిపరు మాట. కొన్నా, తెలిసిన దుకాణంలో రసీదుతో కొనండి. పేరున్న కాలిపర్లకు నకిలీలు కూడా అమ్ముడు పోతున్నాయి. బ్రేకులో నకిలీ అంటే ప్రాణంతో పరిహాసం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. కాలిపరు సంగతి ఆ పత్రంలో ఉండదు గాని, బీమా కంపెనీవారికి ముందుగా ఒక ఉత్తరం రాసి, జవాబు దగ్గర పెట్టుకోవడం మంచిది.

నేను బయలుదేరిన నాడు మేనల్లుడే జహీరాబాదు బస్సు స్టాండు దాకా దింపాడు. వెనుక కూర్చుని వాడి భుజం మీదుగా ముల్లు చూస్తూనే ఉన్నాను. 48 దాటలేదు. దారిలో ఒక చెరకు ట్రాలీ అడ్డం వచ్చింది. వాడు చాలా దూరం నుంచే నెమ్మదించి, దాని వెనుకే ఓపికగా నడిపాడు.

"ఈ సంగతి పత్రికలో రాయనా?" అని అడిగాను.

"రాయి మామా. గని పేరు రాయకు. కార్ఖానల నవ్వుతరు," అన్నాడు.

రాయలేదు. మీ ఇంట్లో కూడా ఎవరైనా పొడుగు చేతుల చొక్కా తొడుక్కొని ఏదైనా ఖరీదైన వస్తువు అడుగుతుంటే, ధర అడగక ముందు ఒకసారి పక్కన కూర్చోబెట్టుకొని కారణం అడగండి.

చలికాలపు కాయగూరలు వచ్చే వారం తప్పకుండా రాస్తాను.